వంగేదానికి పూత

మార్చి వచ్చిందని కాలెండరు అంటుంది.
బయన్‌ఖోషూ కొండవాలులో
మా షెడ్డు థర్మామీటరు ఒప్పుకోదు.

టాక్సీ తోలే దష్న్యామ్
బంపరొక్కటే చంకలో పెట్టుకొచ్చాడు,
రోగి ఇంట్లో ఉండి
మూత్రం సీసా పంపినట్టు.
బల్ల మీద ఆనించి
అంచు దగ్గర గోటితో గీరాడు.
వెండిరంగు లేచింది,
ఉడికిన బంగాళాదుంప తొక్కలా
జానెడు పొడవున, సుఖంగా, ఒకే ముక్క.
ఏమీ అనలేదు.
దాన్ని నా అరచేతిలో పెట్టాడు.

తిప్పి చూశాను.
వెనకవైపు బూడిదరంగు ప్రైమరు. నాదే.
అక్టోబరులో, చలి ముంచుకొస్తోందని,
డబ్బా అడుగున మిగిలిన
ఇనపరేకుల ప్రైమరు కొట్టేశాను.
రంగు ప్రైమరుని గట్టిగానే పట్టుకుంది.
ప్రైమరుకే కింద పట్టు లేదు.
పైన పటారం, లోన లొటారం అంటారే,
ఇక్కడ లోనా బాగుంది, పైనా బాగుంది,
మధ్యలోనే ఎవరికెవరూ ఏమీ కారు.

రేకు నయం. గీస్తే గాయం నిలుపుకుంటుంది,
ఆ గాయంలోకి ప్రైమరు వేళ్లు దూరుస్తుంది.
బంపరు నూనె కడుపున పుట్టిన బిడ్డ,
దేన్నీ దగ్గరికి రానివ్వదు.

ఒయూన్‌బిలెగ్ అక్క నాకు నేర్పిన మొదటి పని
డబ్బా మూత తియ్యడం కాదు,
బంపరు బోర్లించడం.
లోపలి మట్టి కడిగితే
రెండు బాణపు మొనల మధ్య
అచ్చొత్తిన పొట్టి అక్షరాలు.
పీపీ అంటే ఒక దారి, ఏబీఎస్ అంటే ఇంకో దారి.
అక్షరాలు అరిగిపోతే
చిన్న చెక్కు తీసి నీళ్ల గ్లాసులో వెయ్యి.
తేలిందా, తనకెవరూ వద్దనే రకం.
దానికి ముందు నీళ్లలాంటి పల్చని పూత,
రంగు లేదు, కొట్టినట్టే కనిపించదు,
బిల్లులో అందరూ బేరమాడేది దాన్నే.

తెలుసు నాకు ఇదంతా.
అక్టోబరులోనూ తెలుసు.

ఆ పూత మీద ప్రైమరు, అదీ వంగడం తెలిసినది.
మైనస్ ముప్పై అయిదులో
గడ్డకట్టిన మంచుదిబ్బకి ముక్కు తగిలితే
బంపరు లోపలికి వెళ్లి మళ్లీ వస్తుంది,
మీదున్నది కూడా వెళ్లి రావాలి.
మొక్కై వంగనిది మానై వంగునా
అన్నవాళ్లెవరో బంపరు చూసి ఉండరు.

ఎంతవుతుంది, అన్నాడు దష్న్యామ్.
ఏమీ వద్దు, అన్నాను.
అయితే తొందరేం లేదు, అన్నాడు.
ఆ మాట నా నడుమ్మీద తగిలింది.

రెండు రోజులు పాత రంగు ఒలిచాను.
సబ్బునీళ్లతో రుద్దాను, మూలలు మరీ.
నీళ్లు పోస్తే పూసలు కట్టకూడదు,
దుప్పటిలా జారాలి;
మూడోసారికి జారాయి.
బొగ్గుపొయ్యి రాజేసి షెడ్డు కాచి,
నిప్పంతా బయట మంచులో పారబోసి,
గోడల్లో వేడి చావకముందే
కనపడని ఆ పూత కొట్టాను.
ఎవరూ చూడలేదు. చూసినా ఏముంది.
గడియారం వంక చూస్తూ పది నిమిషాలు నిలబడి
అప్పుడు ప్రైమరు.

ఏప్రిల్లో వచ్చాడు, ఈసారి కారుతో.
దిగాడు, ముందు టైరు పక్కన కూర్చున్నాడు,
అంచు దగ్గర గోరు పెట్టాడు.
నేను అటు చూడలేదు. విన్నాను.
ఒకసారి.
ఇంకోసారి, కాస్త గట్టిగా.
ఫ్లాస్కు మూత తిప్పి
ఉప్పు టీ పోశాడు,
ముందు తనకి.