తోలు ఒలిచేవాడి డబ్బా

కూర్చో వీబ్కె, ఆ ఉప్పు బస్తా మీదే కూర్చో.
ఒచివరోంగో అంగట్లో కొన్న మూడు పెట్టెల మీదా
రాతలు బాగానే ఉన్నాయి:
వేగమెంత, బరువెంత, ఎంత దూరానికి ఎంత వాలుతుంది.
రాసినవాళ్ళెవరూ ఈ కొట్టంలోకొచ్చి
మోచేతుల దాకా నెత్తురు చేసుకోలేదు.

నేను పేల్చేవాణ్ణి కాను.
ముప్పై ఒక్క చలికాలాలుగా ఒలిచేవాణ్ణి.
గెర్సన్ చిహరూకా పేరు ఏ ఫొటో కిందా ఉండదు.
పేల్చినవాడికి తెలిసేది చప్పుడూ, భుజం నొప్పీ.
లోపలికెళ్ళిన తూటా ఏ పని చేసిందో
కత్తిని అడగాలి.

ఇదిగో నా డబ్బా. ఒకప్పుడు ఇందులో రస్కులుండేవి.
గిలక్కొట్టకు. ఒక్కొక్కటే తియ్యి.

అది మెత్తమొన సీసం, పల్చటి రాగి తొడుగు.
నలిపి పారేసిన కాగితంలా లేదూ?
చిన్న తుపాకీలో మర్యాదస్తుడే.
ఎవరో మాగ్నమ్‌లో పెట్టి, ఇరవై గజాల నుంచి
ఈలండ్ ఎద్దు భుజమ్మీద కొట్టారు.
ఎముక దగ్గరే చిట్లిపోయింది.
పైన పళ్ళెమంత గాయం,
లోపల ఊపిరితిత్తులకు గీత కూడా పడలేదు.
వేగం ఎక్కువైతే అంతే అమ్మా,
పరుగెత్తుకొచ్చినవాడు గుమ్మంలోనే బోర్లాపడతాడు.
ఆ ఎద్దు చీకటి పడేదాకా నడిచింది.
మేమూ నడిచాం.

ఇది గట్టి ఇత్తడి.
మూతి మొక్కవోలేదు, మళ్ళీ పేల్చొచ్చన్నట్టుంది.
అడవిదున్న పుర్రెకి ఇదే కావాలి, కాదనను.
గుంపులో పేలిస్తే మాత్రం
ముందున్నదాన్ని దాటి వెనకదాని కడుపులో దూరుతుంది.
అనుమతి చీటీ ఒకటి, చావులు రెండు.
రెండోదాని సంగతి
మూడ్రోజుల తర్వాత రాబందులు చెప్పాయి.

ఈ రాగిపువ్వు నీకు నచ్చుతుందని తెలుసు.
నాలుగు రేకులు, నాలుగూ సమానం.
మీ అమ్మ చెవిదిద్దులకని అడిగింది, ఇవ్వలేదు.
మంచిదే, దగ్గర్లో.
దూరం పెరిగి వేగం చచ్చాక
ఒక్కోసారి మొగ్గ మొగ్గగానే ఉండిపోతుంది,
సూదిలా గుచ్చుకుని తన దారిన పోతుంది.

ఇది సీసాన్నీ రాగినీ విడిపోకుండా అతికించింది.
పుట్టగొడుగులా విచ్చుకుంది కానీ విరగలేదు.
తూచి చూశాను:
మూడొందల గ్రెయిన్లలో రెండొందల డెబ్బై మిగిలాయి.
అవతలి భుజం తోలు కింద దొరికింది,
బయటికి రానా వద్దా అని ఆగినట్టు.

గుడ్డలో చుట్టింది ఇంకోటుంది.
విప్పు.

ముసలి ఆడ ఈలండ్. ఆ రోజు చంపింది వేరే తూటా.
ఒలుస్తుంటే పక్కటెముకల వెనక
కత్తి దేనికో టిక్కుమని తగిలింది.
మాంసం దాని చుట్టూ సంచి కుట్టుకుంది,
తెల్లగా, నున్నగా, ఆల్చిప్ప లోపలిలా.
అందులో ఇది.
ఎన్నాళ్ళు మోసిందో. మోస్తూనే ఈనింది కూడా,
పొదుగు చూస్తే తెలిసింది.
మీ ఓపా తూటాలు నొక్కే మరలో ఒక పన్ను విరిగి ఉండేది.
నడుమ్మీద ఆ వంకర గాటు చూశావా?

నేనేం అనలేదు. కడిగి ఆయన చేతిలో పెట్టాను.
చాలాసేపు తన బూట్లనే చూసుకున్నాడు.
మర్నాటి నుంచి మందు తగ్గించి, బరువు పెంచాడు.
వంద గజాల్లోపలికి పాకితే తప్ప
వేలు ట్రిగ్గర్ మీదకి పోలేదు.
ఉత్తచేతుల్తో తిరిగొచ్చిన రోజులే ఎక్కువ.
ఆ రోజుల్లో కాఫీ ఆయనే కాచి
నాకూ ఒక కప్పు తెచ్చిచ్చేవాడు.

నొప్పి లేకుండా చంపేది ఏదంటావా?
ఆ పెట్టె ఎక్కడా అమ్మరు.

అతికించినవి తీసుకెళ్ళు, బరువైనవి.
ఈ గాటుదాన్ని కోటు జేబులో వేసుకో.
మోకాలు నేలకానించి, గాలి అటూఇటూ తిరుగుతుంటే
‘తగుల్తుందిలే’ అని మనసు అన్నప్పుడు
ఒకసారి తడుముకో.

ఇక పో, వెలుగొచ్చేస్తోంది.
నేను కత్తి నూరుకోవాలి.
నువ్వేం తేకపోయినా
పదును ఎక్కడికీ పోదు.