ఒంట్లో ఇనుముందా?

కార్డు కోసం ఇల్లంతా వెతికాను.
బ్యాంకు కాగితాల్లో లేదు, మందుల డబ్బాలో లేదు.
చివరికి పడవలో దొరికింది,
గాలాల పెట్టె అడుగున, చేపల లైసెన్సుకి అంటుకుపోయి,
ఉప్పు పట్టి, అంచులు ఉబ్బి.
జ్వొంకో గుండెలో ఏముందో
చెప్పగలిగిన కాగితం అదొక్కటే.

కవాటం పేరు, నంబరు, తారీఖు.
జాగ్రెబ్‌లో ఛాతీ కోసిన డాక్టరు సంతకం
సగం చెరిగిపోయింది.

"నంబరు చాలు," అంది లొరేనా.
మనవరాలి వయసు పిల్ల.
మెడ బోసి, చెవులు బోసి.
ఆ గదిలో పనిచేసే వాళ్ళంతా అంతేనట.
ఎవరికో ఫోను చేసి, మావైపు వీపు తిప్పి
ఒక్కో అంకె నిదానంగా చదివింది.
నేను జ్వొంకో చొక్కా గుండీ పట్టుకుని నిలబడ్డాను,
గోడ అవతలి అయస్కాంతం
ఇప్పుడే లాక్కుపోతుందన్నట్టు.

పదకొండేళ్ళుగా ఆ చప్పుడు పక్కనే పడుకుంటున్నాను.
టిక్కు. టిక్కు.
మొదటి వారం చెవిమీద దిండు పెట్టుకున్నాను.
ఇప్పుడు అతను చేపలకెళ్ళిన రాత్రి
నాకు నిద్ర పట్టదు.
చర్చిలో అందరూ తలవంచి మౌనంగా ఉన్నప్పుడు
ముందు బెంచీ వాళ్ళు
తమ గడియారాలు చూసుకుంటారు.

ఫోను పెట్టేసి లొరేనా చెప్పింది:
"దీనికేం కాదమ్మా.
మా మిషను లాగే దానికంటే
ఆయన గుండె ప్రతి దెబ్బకీ లాగేదే ఎక్కువ."

ఇంతేనా!
దీనికోసమా రెండు వారాలు
పైకప్పు చూస్తూ పడుకున్నాను?

ఉంగరం ట్రేలో వేశాడు. బెల్టు. తాళాలు.
ఇంకా ప్రశ్నలున్నాయి.
"లోహంతో ఎప్పుడైనా పని చేశారా?"

జ్వొంకో పడీపడీ నవ్వాడు.
ముప్ఫై నాలుగేళ్ళు, పాపా.
రియెకా షిప్‌యార్డులో వెల్డింగు, గ్రైండింగు.
ఏ కాలు మొద్దుబారిందో అడిగితే తడుముకునే మనిషి
ఓడల పేర్లు గడగడా అప్పజెప్పాడు,
ఏది ఏ నీళ్ళలో మునిగిందో దాంతో సహా.

"కంట్లో ఎప్పుడైనా రజను పడిందా?"

పడింది.
మా పెద్దది పుట్టిన ఏడు.
ఎండలో నిలబెట్టి, రెప్ప తిరగేసి,
యోసో జేబురుమాలు కొసతో తీశాడు.
"అంతా వచ్చేసిందా?"
"వచ్చిందనే అన్నాడు యోసో."
యోసో పోయి తొమ్మిదేళ్ళయింది.

లొరేనా పెన్ను ఆగింది.
ముందు కళ్ళకి ఎక్స్‌రే తీయాలంది.

నల్లటి ఫిల్ము మీద
కంటి గుంట పక్కన ఒక తెల్ల చుక్క.
ఆవగింజలో సగం కూడా లేదు.
ఆ గదిలోకి వెళితే అది కదులుతుందట.
కదిలితే కన్ను పోతుందట.
ఇన్నేళ్ళూ దాంతోనే
నా ముఖం చూశాడు, వల చూశాడు,
ఇద్దరు పిల్లల్ని పెళ్ళికూతుళ్ళుగా చూశాడు.

స్కాను లేదన్నారు. వెన్నుకి ఇంకేదో తీస్తారట, గురువారం రమ్మన్నారు.
ట్రేలోంచి ఉంగరం తీసుకుంటే
కణుపు దాటి ఎక్కలేదు,
సబ్బు అడిగి తెచ్చాను.

బస్సులో బూరా గాలి అద్దాల్ని ఊపేస్తోంది.
సముద్రం కనబడే మలుపులో
జ్వొంకో కుడికన్ను చేత్తో మూసుకున్నాడు.
తీశాడు. మళ్ళీ మూశాడు.
"బానే కనబడుతోంది," అన్నాడు కోపంగా,
నేనేదో కాదన్నట్టు.
"యోసో గాడు మాత్రం పనిమంతుడే."

రాత్రి కార్డు తుడిచి వెనక్కి తిప్పాను.
"ఎడమ కన్ను కూడా" అని రాద్దామంటే
చేప నూనె మీద పెన్ను జారిపోతోంది.
గట్టిగా నొక్కి ఒకటికి రెండుసార్లు దిద్దుతుంటే
మంచం మీంచి అడిగాడు, ఏం రాస్తున్నావని.
పడుకో అన్నాను.
టిక్కు. టిక్కు.