పేరు లేని బొత్తం

వేల్స్ తీరాన వాన. గ్వెన్లియన్ ప్రాసర్ వంటింట్లో
కెటిల్ కన్నా గట్టిగా గొణుగుతోంది కంప్యూటర్:
"బొత్తం. బొత్తం. చిత్రం. బొత్తం."

అది మా కౌన్సిల్ వెబ్‌సైట్. నేను కట్టిందే.
ముచ్చటైన నీలిరంగు. నిరుడు బహుమతి కూడా వచ్చింది.

"చెత్తబండి ఏ రోజొస్తుందో ఇందులో ఉందట," అందామె.
"మూడు వారాలుగా వెతుకుతున్నా.
తప్పు రోజున సంచి బయట పెడితే
సముద్రపు కొంగలు వీధంతా పంచిపెట్టాయి
నా చేపముళ్ళనీ, నా మందుల చీటీలనీ."

క్యాలెండర్ని బొమ్మగా అతికించింది నేనే,
ఓ శుక్రవారం సాయంత్రం, ఇంటికెళ్ళే తొందరలో.

కళ్ళు మూసుకోమంది.
మౌస్ తీసి సొరుగులో పడేసింది.
ట్యాబ్ మీట మీద ఒంటి వేలుతో
నేను కట్టిన ఇంట్లో నేనే గోడలు తడుముకుంటూ
పదకొండు బొత్తాలు దాటాను.
పన్నెండోది నొక్కితే
శ్మశానంలో స్థలానికి దరఖాస్తు తెరుచుకుంది.
టీ ఒలికేదాకా నవ్విందామె.

ఆ రాత్రి ఆఫీసులో
ఒక్కో బొమ్మకీ పేరు పెడుతూ కూర్చున్నాను.

పొద్దున్నే ఫోను.
"గురువారం, ఆకుపచ్చ డబ్బా. విన్నాను."
కాసేపాగి,
"ఫిర్యాదు చేసే చోటు మాత్రం
ఇంకా ఉత్త బొత్తమనే అంటోంది, అబ్బాయ్."