ఆరున్నర అడుగులు

సంతపేటలో తాళ్లు, వలలు, సీసపు గుండ్లు అమ్మే కొట్టు.
గాలపు కడ్డీలు పైకప్పు నుంచి వేలాడుతున్నాయి
ఇంకా నేల తాకని వాన చారల్లా.

"యాడ నిలబడి ఏస్తావబ్బయా?"
జిలానీ భాయ్ మొదటి ప్రశ్న ఇదే.
ఎంతలో కావాలని అడగలేదు.

కండలేరు ఉప్పునీళ్లలో కలిసే చోట,
మడ చెట్ల ఇవతల, పాత రేవు గట్టు మీద, అన్నాను.
"పండుగప్పకా?"
"పండుగప్పకే."
గొంతు తగ్గించాను, అది వింటుందేమో అన్నట్టు.

మొదటిది తొమ్మిదడుగులు.
ఇట్టా తిప్పగానే కొస పోయి
ఎదురుగా బొరుగుల బండి గొడుగులో గుచ్చుకుంది.
"ఇది మైపాడు అలలకి.
నీ ఎనకంతా కొమ్మలైతే చెయ్యి ఊపే చోటేదీ?
చేప కన్నా ముందు చెట్టును పడతావు."

రెండోది పచ్చటిది, బొటనవేలంత లావు.
బర్రెను కట్టేసినా విరగదు.
"బండది. చేప పడిందని నీకు తెలీదు,
పక్కనోడు చెప్పాల."

అక్కడ నవ్వాల్సింది, నవ్వు రాలేదు.

పదకొండేళ్లుగా కృష్ణపట్నం రేవులో క్రేను నడుపుతున్నాను.
ఆకాశంలో అద్దాల గది.
నలభై టన్నుల పెట్టెను రెండు వేళ్లతో లేపుతాను.
బరువు తెర మీద అంకెగా వస్తుంది,
వేళ్లకు రాదు.
లోపల మిరపకాయలో, బియ్యమో.
చీమకుర్తి కొండ ముక్క నా కింద గాల్లో ఊగుతుంటే
నా అరచెయ్యి మాత్రం
నిద్రపోయే పిల్లి.

ఇదంతా భాయ్‌కి చెప్పలేదు. కొంత చెప్పానేమో.

మూడో కడ్డీ చేతికిచ్చి,
దారం కొసకు తన తాళంచెవుల గుత్తి కట్టి
"కళ్లు మూసుకో" అన్నాడు.
గుత్తి గచ్చు మీద జరిగింది.
బండల అతుకు దగ్గర టిక్కుమంది.
ఇసుక ఉన్న చోట గరగర.
తర్వాత ఏదో మెత్తగా.
"ఏందది?"
"గోనెపట్టా."
"ఇప్పుడు?"
"ఆపేశావు."
"నేను ఆపలా."
ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు.
అప్పుడు, అటు చివర నుంచి, ఒక చిన్న సందేహం.
కళ్లు తెరిస్తే భాయ్ మనవడు
గుత్తిని రెండు చేతులా పట్టుకుని
నవ్వు ఆపుకుంటున్నాడు.

ఆగిన బరువు వేరు,
ఆగి ఆలోచించే బరువు వేరు.

అదే తీసుకున్నాను. ఆరున్నర అడుగులు.
కొస ఒక్కటే వంగుతుంది, నడుము మొండిది.
"రింగుల్లో దూది తిప్పి చూసుకో.
పోగు చిక్కిందంటే రేపు ఆడనే దారం తెగుద్ది."
ఏ రింగులోనూ చిక్కలేదు.
రీలు తగిలించి వేలి మీద నిలబెడితే
తల వాల్చలేదు.
"పెళ్లికి ఏడడుగులంటారు గదా మీరు,
దీనికి అర తక్కువ.
ఇంట్లో అలిగితే ఆ మాట చెప్పుకో."
రెండువేల ఆరొందలు. బేరం ఆడాలని
బస్సెక్కాక గుర్తొచ్చింది.

ముత్తుకూరు బస్సులో కండక్టర్ దాన్ని పైనుంచి కింది దాకా చూసి
మనిషి లెక్కా, సామాను లెక్కా అనుకుని
దేనికీ టికెట్ కొట్టలేదు.

సాయంత్రం పోటు మొదలైంది.
అవతల నా క్రేను వేరే ఎవరి చేతి కిందో కదులుతోంది,
ఇంత దూరం నుంచి దానికి బరువే లేదు.
మడ వేళ్ల మధ్య నీళ్లు మెల్లగా పైకెక్కుతున్నాయి.
విసిరాను. చుట్టాను. విసిరాను.
పీతలు గుచ్చుకున్న బురద, అది తెలిసింది.
మునిగిన కొమ్మ మీద దారం రాసుకోవడం, అదీ తెలిసింది.
చీకటి పడే ముందు
ఒక తట్టు.
మణికట్టు దాకా, మోచేయి దాకా.
ఇంకో తట్టు.
ఊపిరి బిగబట్టి మూడోదాని కోసం నిలబడ్డాను,
దోమలు మెడంతా తినేదాకా.

"ఏం పడ్డాయి?" అంది పెంచలమ్మ.
"రెండు."
సంచి చూసింది. నా చెయ్యి చూసింది.
పులుసుకని కోసిపెట్టిన మామిడికాయ
పప్పులోకి పోయింది.