ఒకటోసారి, రెండోసారి

కాశీబుగ్గ మూడురోడ్ల కాడ
అద్దాల షాపులో నాది నిలబడే ఉద్యోగం.
లోపలికొచ్చిన మనిషి చెప్పులు చూస్తే చాలు
ఎన్ని నెలల వాయిదాకి లొంగుతాడో చెప్పేస్తాను.
మీ ఇంట్లో ఫ్రిజ్ పాతదైపోయిందని
వాళ్ళకి మొదట చెప్పేది నేనే.
అప్పటిదాకా అది చల్లగానే ఉంటుంది.

నా ఫోనుకి నేనూ పద్దెనిమిది నెలల బాకీ.
ఒకటో తారీఖున వచ్చిన జీతం
చెప్పులు విప్పకుండానే
గుమ్మంలోంచి వెనక్కి తిరుగుతుంది.

అమ్మ జీడిపిక్కలు కొడుతుంది, పలాస బట్టీలో.
జీడినూనె తినేసిన వేళ్ళు.
రేషను కాడ కొంగుతో ఎన్నిసార్లు తుడిచి పెట్టినా
మిషను ఆవిణ్ణి గుర్తుపట్టదు.
ఆ వేళ్ళతోనే రెండు పూటలా
ఎసట్లో పొయ్యబోయే బియ్యంలోంచి
ఒక గుప్పెడు వెనక్కి తీసి
మూలనున్న డబ్బాలో వేస్తుంది, చర్చికని.
డబ్బా మా షాపుదే, పండగ ఆఫరులో ఇచ్చింది.
దాని మీద పెద్దక్షరాల్లో ‘ఉచితం’.

నెలాఖర్లో మాకే చాలనప్పుడూ వేస్తుంది.
‘మిగిల్తే కదమ్మా ఎయ్యడం’ అంటే
‘మిగలడమేట్రా గుంటడా,
ఏస్తేనే గదా మిగులు’ అంటుంది.
నా క్యాలిక్యులేటర్లో ఆ మీట లేదు.

కోతల పండగ నాడు
రేకుల చర్చి నిండా కొత్త వడ్ల వాసన.
అరటి గెల, గుమ్మడికాయలు, సోలెడు చోళ్ళు,
బల్ల కింద కాళ్ళు కట్టేసిన కోడిపుంజు.
పాస్టరు యోనా గారికి గొంతు పట్టేసింది.
‘బర్నబా, నీది అమ్మే నోరు,
వేలం నువ్వెయ్యి’ అని సైగ చేశారు.

గెల పోయింది. గుమ్మళ్ళు పోయాయి.
బల్ల మీద మిగిలింది ఒక గుడ్డు.
ఏడాదిగా మంచం దిగని తబితమ్మ
మనవరాలి చేత రుమాల్లో కట్టి పంపింది.
ఆవిడకున్నది ఒక్క పెట్ట,
ఆ పొద్దు అది పెట్టింది ఒక్కటి.

ఏడు రూపాయలు, అన్నాను.
ఇరవై, అన్నారెవరో తలుపు దగ్గర్నుంచి.
లారీ క్లీనరు ఫిలేమోను యాభైకి పాడుకొని
గుడ్డు చేతిలోకి తీసుకొని చూసి
‘మళ్ళీ దేవుడికే’ అని బల్ల మీద పెట్టేశాడు.
మళ్ళీ మొదలు.
నర్సు దీవెనమ్మ ఎనభైకి పాడింది, పెట్టేసింది.
ఇద్దరు పిల్లలు చిల్లర కలుపుకొని
పదకొండుకి పాడారు.
ఆ పాట మీద ఎవ్వరూ పెంచలేదు.
వాళ్ళూ పెట్టేశారు,
చిన్నోడు కాసేపు ఆలోచించాక.

కొన్నవాళ్ళందరూ ఖాళీ చేతుల్తో చాప మీదికెళ్ళి
విందు తిన్నవాళ్ళలా కూర్చుంటున్నారు.
మా షాపులో అమ్మిన సరుకు తిరిగొస్తే
మేనేజరు ముఖం చూడాలి.
ఇక్కడ తిరిగొచ్చినప్పుడల్లా
గుడ్డు ఇంకాస్త బరువెక్కుతోంది,
నా అరచేతికి తెలుస్తోంది.
ఈ రోజే ఆఖరు, మీకు తక్కువైంది ఇదొక్కటే -
ఆరేళ్ళుగా తిండి పెట్టిన నా మాటలు
ఒక్కటీ దానికి అతకలేదు.

అప్పుడు లేచింది అమ్మ.
కొంగుముడి విప్పి బల్ల మీద దులిపింది,
ఎంతో తనూ లెక్కపెట్టలేదు.
నల్లటి వేళ్ళ మధ్య తెల్లగా గుడ్డు.
ప్రార్థనలో కళ్ళు తెరిచి కూర్చునేవాణ్ణి నేను;
మిషను చదవలేని ఆ వేళ్ళని
ఎవరో తాపీగా, తప్పు లేకుండా చదువుతున్నట్టు
ఆ నిమిషం నాకనిపించింది.
‘ఉడకేసి తబితకే ఇచ్చీరా’ అంది.
‘ఉప్పు మర్చిపోకు.’

చెయ్యెత్తాను.
ఒకటోసారి, అన్నాను.
రెండోసారి, అన్నాను.
మూడోది గొంతులోనే ఆగింది.
బల్ల కింద పుంజు కూసింది,
అందరూ నవ్వారు.
జేబులో ఫోను వణికింది, వాయిదా తారీఖు కాబోలు.

గుడ్డు ఇంకా నా చేతిలోనే ఉంది,
వెచ్చగా.