కొట్టెయ్

జస్టిస్ పొన్నలూరి శేషాచలం గొంతు సవరించుకుంటే
ప్యారీస్ కార్నర్ హారన్లు కిటికీ దాకా వచ్చి ఆగేవి.
పంతొమ్మిదేళ్లు ఆ గొంతుకి నేను షార్ట్‌హ్యాండు.
కామా కూడా ఆయనే చెప్పేవారు.

వ్యాసర్‌పాడి మునిలచ్చిమి
మొగుడి మిల్లు బాకీ కోసం తెలుగులోనే ఏడ్చింది.
అర్థమై కూడా
తర్జుమా అయ్యేదాకా ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు.
అప్పీలు పదకొండు రోజులు ఆలస్యం.

ఛాంబర్లో డిక్టేషన్ నడుమ ఇంగ్లీషు జారిపోయి
"పదకొండు రోజులేగా..." అన్నారు.
నా పెన్సిలు దాన్నీ పట్టుకుంది.
"కొట్టెయ్."
ఆ మాటనా, ఆవిడ అప్పీలునా?
అడగలేదు.
రెండూ కొట్టేశాను.

రిటైరయ్యాక ఓసారి
మైలాపూరు మందులషాపు ముందు కనబడ్డారు.
చీటీ మడుస్తూ, మోకాళ్ల సంగతి చెబుతూ, ఉన్నట్టుండి
"ఆ నోట్‌బుక్కు ఉందా?"

ఉంది సార్, అన్నాను.
ఫుల్‌స్టాప్
ఆయన చెప్పలేదు