కోశాధికారి చిట్టా

టొలీడోలో, లగ్రాంజ్ వీధిలో
మూతపడ్డ పళ్ళ డాక్టరు గది మా ఎన్నికల ఆఫీసు.
గోడ మీద నవ్వే దంతం బొమ్మ అలాగే ఉంది.
చెరిపే రంగు డబ్బా పద్దెనిమిది డాలర్లంటే
నేనే వద్దన్నాను.

నా పని లెక్కలు.
ఎవరెంత ఇచ్చారో, దేనికెంత పోయిందో
ఓహైయో రాష్ట్రానికి సెంటుతో సహా అప్పజెప్పాలి.
ప్రతి కరపత్రం అడుగున చీమతలంత అక్షరాల్లో
నా పేరుండాలి: బి. అనసూయ, కోశాధికారి.
ఈ ఊళ్ళో ఇన్ని గుమ్మాలకి
నా పేరు వెళ్ళడం అదే మొదలు.

అభ్యర్థి వెర్నీస్ టాలివర్.
పందొమ్మిదేళ్ళుగా నలభై ఒకటో నంబరు స్కూలు బస్సు నడుపుతోంది.
ఉపన్యాసం రాదు.
వాక్యం మధ్యలో ఆగిపోయి
అందరూ ఎక్కారా అన్నట్టు
ముఖాలు చూస్తుంది.

జమ.
నర్సుల సంఘం, ఐదు వందలు.
బేకరీ హలా గారు, నలభై, రెండు పళ్ళేల రొట్టెలు.
రొట్టెలకీ వెల కట్టి రాయాలట, రాశాను.
ఓడెల్ అనే కుర్రాడు మయోనీస్ సీసాడు చిల్లర
బల్ల మీద బోర్లించాడు.
ఇరవై ఆరు డాలర్ల పదిహేను సెంట్లు,
ఒక చొక్కా గుండీ.
గుండీకి పద్దు లేదు.

తట్టిన తలుపులు తొమ్మిది వేల ఎనభై.
తెరుచుకున్నవెన్నో చెప్పను.
ఒకావిడ గొలుసు తియ్యకుండానే
"అందరూ ఒక్కటే కదూ" అంది.
"మీ బాబు నా బస్సులో మూడో సీటు,
ఇంకా కోటు లేకుండానే వస్తున్నాడు" అంది వెర్నీస్.
తలుపు పడింది.
అనకూడని మాట అన్నానని
ఆ సాయంత్రమంతా వానలో
మూడు వీధుల పొడుగునా గొణుక్కుంటూనే ఉంది.

అక్టోబరు చివర్లో చెక్కొచ్చింది, రెండు వేల ఐదు వందలు.
ఇళ్ళు అద్దెకిచ్చే కంపెనీ.
మాకప్పటికి రెండు నెలల అద్దె బాకీ.
"డబ్బుకి రంగుండదు వెర్నీస్" అన్నాను.
"సీసం కలిసిన నీళ్ళకీ ఉండదు" అంది,
"వాళ్ళ ఇళ్ళ కుళాయిలు నువ్వు చూళ్ళేదు."

ఆ రాత్రి నేను ఆమెతో మాట్లాడలేదు.
పొద్దున్నే చెక్కు తిరుగు టపాలో వేశాను.
పోస్టు ఖర్చు ఏడు డాలర్ల నలభై.
పళ్ళు నూరుతూ రాశాను పద్దు,
గోడ మీద దంతం నవ్వుతూనే ఉంది.

మూడు వందల పద్దెనిమిది ఓట్లు.
అంతే తేడా.
కుర్చీలు మడిచాం. హలా గారి రొట్టెలు మిగిలాయి.

ఆ చెక్కుంటే నాలుగు వేల ఇళ్ళకి
ఇంకో ఉత్తరం వెళ్ళేది.
నూటికి ఎనిమిది మంది కదిలినా...
వేశాను ఆ లెక్క, కాగితం వెనకవైపు, పెన్సిలుతో.
ఎవరికీ చూపించలేదు. చెరపనూ లేదు.

తెల్లారి ఐదూ నలభైకి ఆమె బస్సు బయల్దేరింది.
మేం పచ్చిక మీద పాతిన బోర్డులు పీకాం.
అట్టలు చెత్తలోకి, ఇనప తీగలు మూడు వందల నలభై.
గుర్‌స్కీ తాత చిక్కుడు పాదులకి కావాలన్నాడు.
ఆయన మాకు ఓటేశాడని నేననుకోను.
"అమ్మకమా, దానమా, ఏమని రాయను?" అన్నాను.
"అప్పని రాయి" అంది వెర్నీస్,
"రెండేళ్ళకి."

నిల్వ పదకొండు డాలర్ల నలభై సెంట్లు.
ఆఖరి ఫారంలో రెండు గళ్ళున్నాయి,
ఖాతా మూయాలా, కొనసాగించాలా.
సంతకం కోసం కారులో ఆమె వెనకే వెళ్తున్నాను,
పక్క సీట్లో ఫారం, జేబులో గుండీ.

రైలు పట్టాల ముందు బస్సాగింది.
చలిలో తలుపు బార్లా తెరిచింది.
రైలేమీ లేదు, అటూ ఇటూ.
అయినా వింటోంది,
లోపల పిల్లలంతా ఊపిరి బిగబట్టి
ఆమెతో పాటే వింటున్నారు.
నేను ఇంజను ఆపేశాను.